మిద్దె మీదికి చేదతాడు

మా ఆయన ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో డిష్షులు బిగించేవాడు. నెలనెలా డబ్బు కట్టే పని లేకుండా ఉచితంగా వచ్చే చానళ్లు పట్టి ఇవ్వడం ఆయన విద్య. వాన మొహం చాటేసి వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడాది మొదలుపెట్టాడు. ఆ తర్వాత మా పొయ్యి వెలిగింది చేని కన్నా డిష్షుల వల్లే ఎక్కువ.

డిష్షు ముందు కమ్మీ కొసన ఒక చిన్న డబ్బా ఉంటుంది. అది ఒక ఉపగ్రహం చానళ్లనే పడుతుంది. దాని పక్కన ఇంకో డబ్బా బిగించి సరైన చోట నిలిపితే, అదే డిష్షుతో పక్క ఉపగ్రహం చానళ్లూ వస్తాయి. దాన్ని ఆయన రెండో కన్ను అనేవాడు. గోరంత పక్కకు జరిగినా ఆ కంటికి ఏమీ కనబడదు. ఊళ్లో చాలా ఇళ్లకు రెండో కన్ను పెట్టాడు, మా ఇంటికి తప్ప.

నా పుట్టిల్లు పావగడ వైపు. ఇంట్లో తెలుగే అయినా బడి, పాటలు, తిట్లు నాకు కన్నడంలోనే వచ్చాయి. కన్నడ చానళ్లు ఆ రెండో కంటికే దొరుకుతాయి. పెట్టమని అడిగితే, "పెడతాలేమ్మే, మిద్దె యాడికి పోతాది?" అనేవాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ గెలిచి ఇంటికొచ్చి పండుకుంటావు" అని దెప్పేదాన్ని. నవ్వి అటు తిరిగి పడుకునేవాడు.

మాకు పిల్లలు లేరు. ఆషాఢం గాలికి డిష్షు కదిలినప్పుడల్లా ఆయన మిద్దె మీద, నేను కింద టీవీ ముందు. "వచ్చినాదా?" అని పైనుంచి, "వచ్చె! ఆఁ, పాయె!" అని కిందనుంచి. వీధి వీధంతా వినేది. ఆయన గొంతు అలాంటిది. రెండు చేల అవతల ఉన్నా "ఏమ్మే" అంటే నాకు వినబడేది.

డిష్షు సరిచేసేటప్పుడు టీవీలో సిగ్నలు చూపే రెండు గీతలు కనబడేవి. "పై గీతను నమ్మొద్దు, వైరు తగిలిస్తే చాలు నిండుతాది. కింది గీత కదిలితేనే నిజం" అని నాకు నేర్పాడు. తర్వాత ఆయన గొంతులో గడ్డ లేచినప్పుడు, చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ ఏం కాదులే, ఏం కాదులే అన్నారు. వాళ్లు వెళ్లిపోయాక ఆయన నా వైపు చూసి, "అన్నీ పై గీతలే" అన్నాడు బొంగురుగా. మేం నవ్వుకున్నాం. ఆయన మాటకు నేను నవ్వడం అదే ఆఖరు.

బెంగుళూరు ఆసుపత్రిలో గొంతు తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి దాంట్లోంచే. మాట పోయింది. ఇంటికి వచ్చాక పలక కొనిచ్చాను. రాయడం రాక కాదు, రోషం. పలకను మంచం కిందికి తోసేశాడు. నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లల గోల విని ఇంటికి వస్తే, ఈ ఇంట్లో చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దం. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చేది. దేవుడికి తియ్యడానికి ఇంకేమీ దొరకలేదా అని.

ఒక ఆదివారం పొద్దున అటక మీద ఉన్న సంచి దించమని సైగ చేశాడు. అందులోంచి కొత్త డబ్బా ఒకటి, స్పానరు తీసి నా ఒళ్లో పెట్టి, మిద్దె వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడెందుకయ్యా ఇది?" అన్నాను. తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చేతిని పైకి, కిటికీ అవతలికి ఊపాడు. తర్వాత టీవీని చూపించి, నా చెవిని ముట్టుకున్నాడు. తాను పోయాక ఈ ఇంట్లో నాకు ఒక మాట వినబడాలట, అదీ నా పుట్టింటి మాట. స్పానరును గోడకేసి కొట్టాను. ఆయన మెల్లగా లేచి, దాన్ని ఏరి తెచ్చి మళ్లీ నా చేతిలో పెట్టాడు.

మెట్లెక్కితే ఆయనకు ఊపిరి ఆడదు. ఎక్కాల్సింది నేనే. మరి కిందనుంచి చెప్పేదెట్లా? ఆయన గోడ వైపు చూపించాడు. మా బావి ఎండిపోయి ఎన్నో ఏళ్లయింది. చేదతాడు మాత్రం మేకుకు అట్లాగే వేలాడుతోంది. దాని ఒక కొస ఆయన చేతిలో, కిటికీలోంచి పైకి పోయి రెండో కొస నా మణికట్టుకు. ఒకసారి గుంజితే ఇంకొంచెం జరపాలి. రెండుసార్లు గుంజితే వెనక్కి రావాలి. పొడుగ్గా లాగి పట్టుకుంటే అక్కడే బిగించాలి. మూడు గుర్తులూ నా చెయ్యి పట్టుకుని లాగి చూపించాడు.

మిద్దె మీద గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. నల్ల మబ్బులు మా ఊరితో పని లేనట్టు పైనుంచి పోతున్నాయి. చీర దోపుకుని, కమ్మీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని డబ్బా జరిపాను. ఒకసారి గుంజాడు. జరిపాను. మళ్లీ ఒకసారి. రెండుసార్లు. వెనక్కి తెచ్చాను. మబ్బు తొలగినప్పుడల్లా ఎండకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అప్పుడు తాడు పొడుగ్గా బిగుసుకుంది. ఆ లాగుడులో ఆయన ఉత్సాహం నా చేతికి తెలిసింది. గబగబా నట్టు బిగించేశాను.

ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ ఒకసారి గుంజాడు. బొమ్మ పోయిందేమో అనుకుని నట్టు వదులు చేసి జరిపాను. మళ్లీ గుంజాడు. జరిపాను. ఇంకోసారి, ఇంకోసారి. వదిలిపెట్టడే! నాకు ఒళ్లు మండిపోయింది. దిగివచ్చి చూద్దును కదా, టీవీలో ఏమీ లేదు. కింది గీత చచ్చి పడి ఉంది.

"వచ్చిందాన్ని పోగొట్టినావు గదయ్యా! బిగించినాక ఎందుకు గుంజితివి?" అని అరిచాను.

ఆయన తాడు పట్టుకునే ఉన్నాడు. పెదవులు కదిపాడు. శబ్దం లేదు కానీ, ఇన్నేళ్లు విన్న మాట కదా, చూస్తేనే తెలిసింది.

ఏమ్మే.

బొమ్మ వచ్చింది, వచ్చి చూడమని పిలిచాడు, అంతే. జరపడానికి, వెనక్కి రావడానికి, ఆపడానికి గుర్తులు పెట్టుకున్నాం. పిలవడానికి గుర్తు పెట్టుకోవాలని మా ఇద్దరికీ తోచలేదు. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి, వీధి వినేట్టు ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, కాసేపయ్యాక మళ్లీ మిద్దె వైపు చూపించాడు. మొండిమనిషి.

సాయంత్రానికి చానళ్లన్నీ వచ్చాయి. ఎవరో ఆడమనిషి కన్నడంలో రాగిముద్ద ఎట్లా కెలకాలో చెబుతోంది. మేమిద్దరం ఏదో పెద్ద కచేరీ విన్నట్టు విన్నాం.

ఆ తాడును మళ్లీ మేకుకు తగిలించలేదు. ఒక కొస ఆయన దగ్గరే ఉంచి, మిద్దె మీది కొసను పిట్టగోడ కమ్మీకి కట్టేసి, నడుమ ఇంకో ముక్క ముడేసి నా వైపుకు తెచ్చుకున్నాను. వంట చేస్తున్నా, వాకిట్లో కాయలు ఒలుస్తున్నా ఆ ముక్క నా చేతికి ఉండేది. ఒకసారి గుంజితే ఏమ్మే అని. చాలాసార్లు పని ఉండేది కాదు. పోయి నిలబడితే ఊరికే చూసేవాడు. "పనీపాటా లేదా నీకు?" అని కసిరి, మళ్లీ ఎప్పుడు గుంజుతాడా అని కాచుకునేదాన్ని.

ఆయన పోయిన రోజు తాడు కదల్లేదు. నిద్రపోతున్నాడులే, పాపం, నిన్నంతా దగ్గాడు అనుకుని ఇంకో చాటెడు కాయలు ఒలిచాను.

మరుసటి ఆషాఢంలో గాలికి డిష్షు పక్కకు ఒరిగింది. పావగడ నుంచి వచ్చిన మా తమ్ముడు చూసి, నేను సరిచేస్తానుండు అని మిద్దె ఎక్కాడు. నేను టీవీ ముందు నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి కింది గీత లేచింది, ఎవరో కన్నడంలో పాడుతున్నారు.

"అక్కా, వచ్చినాదా?" అని పైనుంచి తమ్ముడు కేకేశాడు.

వచ్చె అనాలి. ఇన్నేళ్లు అన్న మాటే. నోరు తెరిచి, మంచం వైపు చూశాను. ఆయన పట్టుకునే కొస మంచం కోటికి చుట్టి అట్లాగే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"ఏమక్కా, పలకవేమి? వచ్చినాదా లేదా?"

ఆ తాడు అవతల చెయ్యి లేదని, ఉత్త కమ్మీ ఉందని నాకు తెలుసు. అయినా ఒకసారి గుంజాను. కాసేపు ఆగి, ఇంకోసారి గుంజాను.