వాడి మాట నా నోట

"ఈత వచ్చా?" అని అడిగిన చోట రెండు ఫారాల్లోనూ రాదనే రాశాను. నాకు నిజంగానే రాదు. తమ్ముడికి వచ్చు. చిన్నప్పుడు మా పొలం దగ్గరి బావిలోకి గట్టు మీంచి దూకి, అడుగున ఉన్న రాయి తీసుకొచ్చి చూపించేవాడు. అయినా బావి వేరు, సముద్రం వేరు. బావికి చుట్టూ గోడ ఉంటుంది, మనిషి ఎటూ పోడు. రాదని రాస్తే టూరువాళ్లు కాస్త జాగ్రత్తగా చూసుకుంటారు కదా అనుకున్నాను. వాడు నా భుజం మీంచి తొంగి చూసి, "నాకొస్తది గదక్కా" అన్నాడు. సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చాను. పెట్టాడు.

నేను బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లయింది. అద్లియాలో ఒక కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో కాగితాల పని నాది. తమ్ముణ్ణి రెండేళ్ల కిందట ఇక్కడికి రప్పించింది నేనే. వీసా కోసం తిరిగింది నేనే, ముహర్రక్ దాకా వెళ్లి ఎయిర్‌పోర్టులో వాణ్ణి కలిసి తీసుకొచ్చిందీ నేనే. అందుకని వాడికి దగ్గొచ్చినా అది నా పూచీయే అన్నట్టు ఉంటాను. వాడు ఒక బిల్డింగు సైట్లో స్టోర్ చూసుకుంటాడు, సామాన్ ఇచ్చి రాసుకునే పని. కంపెనీ వాళ్ల క్యాంపులో ఉంటాడు. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నే మా ఇంటికొచ్చి, తిని, పడుకుని, సాయంత్రం బస్సెక్కుతాడు. ఈ రెండేళ్లలో వాడు నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. నా ఫోనులో ఒక ప్రకటన చూసి, దీనికి పోదామా అన్నాడు. పొద్దున సముద్రంలో డాల్ఫిన్లు, తాబేళ్లు తిరిగే చోట ఈత. మధ్యాహ్నం ఎడారిలో ఒక రాతిలోయలోకి తాడుతో దిగడం. రోజంతా అదే.

బహ్రెయిన్‌లో లోయేమిటని మా ఆఫీసులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నీళ్లూ ఎత్తూ, మనిషిని తీసుకుపోయే రెండూ ఒకే టికెట్లో పెట్టారు. వారం రోజులు సరిగ్గా కన్ను మూతపడలేదు. మా ఆయనకు ఆ శుక్రవారం డ్యూటీ పడింది. నేను వద్దంటే తమ్ముడు ఒక్కడే వెళ్లిపోతాడేమోనన్న భయంతో ఇద్దరి పేర్లూ రాయించాను.

పడవ బుదైయా వైపు జెట్టీ నుంచి బయలుదేరింది. నడిపేది ఇక్కడి ముసలాయన. గైడు పెషావర్ దగ్గరి మనిషి. మేం కాక ఇంకో ఆరుగురున్నారు. గైడు మా తమ్ముణ్ణి చూడగానే భాయ్ అని పలకరించి హిందీలో మాట కలిపాడు. సైట్లో రాత్రీ పగలూ అదే భాష కాబట్టి తమ్ముడు గడగడా మాట్లాడుతున్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. గైడును పక్కకు పిలిచి, మా తమ్ముడికి ఈత సరిగ్గా రాదని, కొంచెం భయస్తుడని, ఒక కన్నేసి ఉంచమని ఇంగ్లిషులో చెప్పాను. ఇంగ్లిషులో చెబితే ఎక్కువ పట్టించుకుంటారని నాకొక నమ్మకం. అతను తల ఊపి, ఉన్నవాటిలోకెల్లా లావుపాటి నారింజ రంగు లైఫ్ జాకెట్ తెచ్చి వాడికి తొడిగాడు. అది తొడుక్కుంటే వాడు మెడ తిప్పడానికి కూడా ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. నా వైపు ఒక చూపు చూశాడు.

మార్చి నెల. ఎండ బాగానే ఉన్నా నీళ్లు చల్లగా ఉన్నాయి. ఈల ఊదితే అందరూ తిరిగి రావాలని గైడు చెప్పాడు. ఒకరి తర్వాత ఒకరు దిగారు. నేను పడవలోనే కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. దూరంగా రెండు డాల్ఫిన్లు వీపులు చూపించి పోయాయి. అందరూ అటు చూస్తే నేను నీళ్లలో తలలు లెక్కపెడుతున్నాను. ఏడు. మళ్లీ ఏడు. ఒక తల కెరటం వెనక దాగితే ఆరయ్యేది, మళ్లీ ఏడయ్యేది. తాబేలు కనబడిందని ఎవరో చెయ్యెత్తారు. మిగతావాళ్లు ముఖాలు నీళ్లలో పెట్టి కిందికి చూస్తున్నారు. తమ్ముడు ఆ జాకెట్టులో దిండులా తేలుతూ, మునగడానికి తంటాలు పడుతున్నాడు. వాడికేమీ కనబడటం లేదని నాకు తెలుస్తూనే ఉంది. కనబడకపోతే పోయిందిలే, మనిషి పైన ఉన్నాడు కదా అని సంతోషించాను.

కాసేపటికి గైడు ఈల ఊదాడు. అందరూ పడవ వైపు తిరిగారు. తమ్ముడు అందరికంటే దూరంగా ఉన్నాడు. నా వైపు ముఖం తిప్పి చెయ్యి పైకెత్తి, "అక్కా, వస్త" అన్నాడు.

ఏమంటున్నాడని గైడు నన్నడిగాడు. వస్తున్నాడట అని చెప్పాను. అతను సరేనని అవతలి వైపు నిచ్చెన దగ్గరికి పోయి, పైకెక్కుతున్నవాళ్లకు చెయ్యందించసాగాడు.

మనవాళ్లు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు పోతున్నానని అనరు. వస్తా అంటారు. ఇటు వచ్చేవాడూ వస్తా అంటాడు, అటు వెళ్లేవాడూ వస్తా అంటాడు. ఈల మోగింది కదా, వాడు పడవకే వస్తున్నాడని నేననుకున్నాను. వాడి చెవుల్లో నీళ్లున్నాయి, ఈల వినబడనే లేదు. తాబేలు వెనక ఇంకొంచెం దూరం వెళ్తున్నానని, అలవాటు కొద్దీ అక్కకు చెప్పి వెళ్తున్నాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం ఆ ఒక్క మాటను పట్టుకుని నేను మొదటిసారి కమ్మీ వదిలి, వాడికి తువ్వాలు తీద్దామని సంచీ వైపు వంగాను.

తలెత్తేసరికి పడవ చుట్టూ ఎవరూ లేరు. అందరూ ఎక్కేశారు. ఆరుగురు. గైడుతో తమ్ముడేడీ అన్నాను. మీ వైపే వస్తున్నాడన్నారు కదా అన్నాడతను. అప్పుడు కనబడింది, కాస్త దూరంలో నారింజ రంగు. అమ్మయ్య అనుకున్నాను. ముసలాయన పడవను మెల్లగా అటు తిప్పాడు. గైడు కొక్కెం కర్రతో దాన్ని దగ్గరికి లాగాడు. ఉత్త జాకెట్. బకిల్స్ తీసి ఉన్నాయి, లోపల మనిషి లేడు.

తమ్మీ అని కేక పెట్టాను. గైడు నీళ్లలోకి దూకాడు. ముసలాయన ఇంజిను ఆపేసి, ముందు భాగాన నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఒకామె నా వీపు మీద చెయ్యి వేసింది. నేను ఆ జాకెట్ ఒళ్లో పెట్టుకుని, ఊళ్లో అమ్మకు ఏమని ఫోన్ చెయ్యాలి, ముందు ఏ మాట అనాలి అని వెతుక్కుంటున్నాను. అలాంటి సమయంలో మనిషి ఏడుస్తుందనుకుంటాం. నేను మాటలు కూర్చుకున్నాను. నా బుద్ధే అంత.

ముసలాయన చెయ్యి చాపి చూపించాడు. చేపల బోను ఎక్కడుందో గుర్తుకోసం మత్స్యకారులు కట్టిన తెల్లటి డబ్బా ఒకటి తేలుతోంది. దాన్ని చంకలో ఇరికించుకుని తమ్ముడు ఇటే చెయ్యి ఊపుతున్నాడు. జాకెట్ ఉంటే మునగలేకపోతున్నానని విప్పేశాడట. తాబేలు వెంట నాలుగు బారలు పోయి చూసేసరికి నీటి లాగుడుకు పడవ దూరమైందట. ఎదురీదితే అలసట తప్ప లాభం లేదని ఆ డబ్బా పట్టుకుని ఆగాడట. వాడు పైకెక్కి నవ్వుతూ నిలబడ్డాడు. నేను వీపు మీద ఒక్కటిచ్చాను. ఇంకోటి కూడా ఇచ్చాను. అందరి ముందూ ఏడ్చాను, తిట్టాను. ముప్పై ఏళ్ల మగాడు, తడి బట్టలతో, తల వంచుకుని నిలబడ్డాడు.

గైడు వాడికి నాలుగు గట్టి మాటలు చెప్పి, ఆ తర్వాత నన్ను అడిగాడు, వస్తున్నాడని మీరెలా చెప్పారని. వాడు అన్న మాట ఏమిటో చెప్పి, మా భాషలో అది రెండు రకాలుగా ఉంటుందని వివరించబోయాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. తమ్ముడు మధ్యలో అందుకున్నాడు.

"నా మాట నువ్వెందుకు చెప్తవక్కా? నాకు నోరు లేదా?"

వాడు నాతో అలా మాట్లాడటం అదే మొదలు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని.

ఒడ్డుకొచ్చాక వ్యాన్‌లో అన్నం పొట్లాలిచ్చారు. వాడు కిటికీ వైపు తిరిగి తిన్నాడు. నేను కోడి ముక్క తీసి వాడి పొట్లంలో వేశాను. వాడు దాన్ని తినలేదు, తీసి పక్కనా పెట్టలేదు. వ్యాన్ దక్షిణానికి పోతుంటే ఇళ్లు తగ్గి, పైపులు, ఇసుక, రాళ్లు మొదలయ్యాయి. ఇక ఇంటికి పోదామని అందామనుకున్నాను. అంటే అదీ వాడి తరఫున నేను అన్నట్టే అవుతుందని నోరు నొక్కుకున్నాను.

లోయ అంటే పేరుకే. ఎడారి నేలలో ఒకచోట రాయి చీలి, రెండు మూడంతస్తుల లోతున సన్నటి గండి పడింది. అడుగున నీడగా ఉంది. అంచు దగ్గర ఇనుప మేకులు కొట్టి తాళ్లు బిగించారు. చూసినవాళ్లు ఇంతేనా అన్నారు. నేను మాత్రం ఆ అంచుకు పది అడుగుల ఇవతలే ఆగిపోయాను. మా బాపు కల్లు గీసేవాడు. నడుముకు కట్టుకునే మోకు తాడు తెగి తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు నాకు పద్నాలుగేళ్లు, తమ్ముడు చంటివాడు. బాపు బతికాడు గానీ మళ్లీ చెట్టెక్కలేదు, సరిగ్గా నడవనూ లేదు. తమ్ముణ్ణి ఇక్కడికి రప్పించేటప్పుడు ఒకటే షరతు పెట్టాను, ఎత్తు మీద పని చెయ్యకూడదని. స్టోర్ పని దొరికిందంటే దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

మొదట ఎవరు దిగుతారని గైడు అడిగితే తమ్ముడు చెయ్యెత్తాడు. పొద్దున పడ్డ మాట ఇంకా చెవిలో ఉంది. అయినా నేను మారలేదు. వాడు చూడకుండా గైడు దగ్గరికి పోయి, మా తమ్ముడికి ఎత్తంటే చాలా భయం, పొద్దున్నుంచీ బడలిపోయి ఉన్నాడు, వాణ్ణి వద్దనండి, నేను చెప్పానని మాత్రం అనకండి అన్నాను.

గైడు నా వెనక్కి చూసి నవ్వాడు. "బాజీ, ఈ భాయ్‌కి భయమా?" అన్నాడు హిందీలో, నన్ను అక్కా అని పిలుస్తూ.

తిరిగి చూశాను. మిగతావాళ్లు నడుముకు కట్టుకునే బెల్టు ఏ కాలు ఎందులో పెట్టాలో తెలియక తిప్పలు పడుతున్నారు. తమ్ముడు అప్పటికే కట్టేసుకున్నాడు. తొడల దగ్గర పట్టీలు గుంజి చూసుకున్నాడు, కొక్కెం తిప్పి బిగించాడు, చూడకుండానే వెనక చెయ్యి పెట్టి ముడి తడిమాడు. పక్కన ఒకాయన పట్టీ మెలిపడితే దాన్నీ సరిచేశాడు. అదంతా స్టోర్‌లో సామాన్ రాసుకునే మనిషి చేతులు చేసే పని కాదు. కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో పదకొండేళ్లున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"ఎన్ని రోజులసంది ఎక్కుతున్నవ్‌రా?" అన్నాను.

వాడు కొక్కెం మరోసారి గుంజి చూసుకున్నాడు. "వచ్చిన నెలసంది. స్కాఫోల్డింగ్ పని." అంటే కట్టే బిల్డింగు చుట్టూ, ఎత్తున ఇనుప గొట్టాల పరంజా బిగించడం.

స్టోర్‌లో నిలబడి వాడు పంపిన ఫొటోలన్నీ నా ఫోనులో ఉన్నాయి. వాటిని నేను అమ్మకు పంపాను. ప్రతి శుక్రవారం మా ఇంట్లో చచ్చినట్టు పడి నిద్రపోతుంటే, స్టోర్‌లో కూర్చునే పనికి ఇంత బద్ధకమా అని ఆటపట్టించాను కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు దాచావని నిలదీశాను.

"చెప్తే నువ్వు రాత్రి పండుతవా? తింటవా?" అన్నాడు. "నీ భయం మొయ్యలేక చెప్పలే అక్కా."

తాడు పట్టుకుని, వీపు గండి వైపు పెట్టి, అంచు మీంచి వెనక్కి వాలాడు. కళ్లు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. వాడు తొందరపడలేదు. ఒక్కో అడుగూ రాయి మీద ఆనించి, నమ్మకం కుదిరాకే రెండోది వేస్తూ దిగాడు. రోజూ నాకు కనబడకుండా వాడు చేసే పని అది. బాగా చేస్తున్నాడు. నా భయం అలాగే ఉంది, దానితో పాటు గర్వమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తాయని నాకు అంతకుముందు తెలియదు.

వాడు దిగాక ఒక్కొక్కరే దిగారు. పైన నేను, గైడు మిగిలాం. గైడు నన్ను అడగలేదు. గండిలోకి వంగి, అక్క దిగుతుందా అని తమ్ముణ్ణి అడిగాడు. నన్ను చూసి నేర్చుకున్నాడు కాబోలు.

కింద నుంచి వాడి గొంతు వచ్చింది. "ఉసీసే పూఛో, భాయ్." ఆమెనే అడగమని.

గైడు నా వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ నాకు భయమైన ప్రతిచోటా వాడికి భయమని చెబుతూ వచ్చాను. ఆ వంక ఇప్పుడు కింద, నా చేతికి అందని చోట నిలబడి ఉంది. నెమ్మదిగా అంచు దాకా వచ్చాను. లోపల వాడి ముఖం చిన్నగా, పైకెత్తి కనబడుతోంది. గైడుకు అర్థం కాకపోయినా ఫరవాలేదనుకుని మా భాషలోనే అన్నాను.

"నాకు భయమైతున్నదిరా."

ధైర్యంగా ఉండమంటాడని, నేను పట్టుకుంటాలే అంటాడని చూశాను.

"నాక్కూడ అయితదక్కా," అన్నాడు. "రోజూ పొద్దుగాల ఎక్కేటప్పుడు."