అరచేతి కింది పిన్ను

ఆవిడ నాకు పిన్ను ఇవ్వలేదు. ఇవ్వాల్సిందే, అది రూలు. మేం ఏటా వెళ్లే ఫ్లోరిడా థీమ్ పార్కులో పనిచేసేవాళ్లు మెడలో పట్టీకి బొమ్మల పిన్నులు పెట్టుకుంటారు. మన పిన్ను ఒకటిచ్చి అందులో ఏదడిగినా మార్చుకోవచ్చు. బోర్డులు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి, ఆ రూలు రాసిన బోర్డు మాత్రం వదులుతానా?

షాపు ముందుండే ఆ తెల్లజుట్టు ఆవిడ, ఎవరు దగ్గరికొచ్చినా ఒక పిన్నును అరచేత్తో మూసేసేది. “ఇది తప్ప ఏదైనా తీసుకోండి సర్” అని నవ్వేది. ఏటా ఇదే వరస.

మనిషి మంచిదే. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఎండకి మా ఆవిడ కళ్లు తిరిగి కూలబడితే, తన కుర్చీ వేసి నీళ్లు తాగించింది. ఉత్తినే వచ్చేయడానికి మనసొప్పక, నా చొక్కాకున్న మా ఊరు కమ్మింగ్‌లోని తెలుగు చర్చి పిన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాను. బదులు తీసుకోమంటే వద్దన్నాను.

అయినా రూలు రూలే కదా. ఈసారి గట్టిగానే అడిగాను.

“పిన్ను కోసం ఈ వయసులో తగువేంటండీ” అని మా ఆవిడ చెయ్యి లాగుతోంది.

“నువ్వుండు. ఇవ్వనిది మెడలో ఎందుకేసుకోవాలి?”

తెల్లజుట్టావిడ మెల్లగా అరచేయి తీసింది.

“ఇది మీ చర్చిది సర్. అడిగింది మీరు కాబట్టి చూపిస్తున్నాను. ఇవ్వను మాత్రం.”