ట్యూబ్‌లైటు కింద మెరూన్ రంగు

మా ఇంట్లో జంపఖానాలు నేస్తారు. మొన్నటి వానాకాలంలో ఒక ఫంక్షన్ హాలువాళ్లు బాపుకు నేరుగా ఆర్డరిచ్చారు. మధ్యలో షావుకారు లేని మొదటి ఆర్డరు అది. షరతు ఒక్కటే: వాళ్లిచ్చిన నమూనా గుడ్డ రంగే ఉండాలి. తేడా వస్తే సరుకు ముట్టుకోరు.

రంగు వేసిన నూలు రాగానే మగ్గాల షెడ్డులో చుట్టాలంతా దిగారు. మా దగ్గర రంగు తేల్చడం పెళ్లిచూపులకంటే పెద్ద తంతు. ముందు మాట పెద్దబాపుది. ఆయన ట్యూబ్‌లైటు కింద నూలుకట్టను నమూనా పక్కన పెట్టి, కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టి, అంటే చూడటం మానేసి, తీర్పు చెప్పాడు.

“గదే రంగు. ఇగ సూసుడేమున్నది?”

“గంతే అన్నా,” అన్నాడు కాకా.

“సేమ్ టు సేమ్ బావా,” అని మామ బాపుకు భరోసా ఇచ్చాడు. అమ్మ తలూపింది.

బాపు నావైపు చూశాడు. ఆ మెరూన్‌లో నాకు కొంచెం వంకాయ కనిపిస్తోంది. ఇంతమంది కళ్లు ఒకటే చెబుతుంటే దవాఖానకు పోవాల్సింది నా కళ్లేనేమో అనుకున్నాను. పైగా ఇల్లు అంటుకుందని నేను చెప్పినా మావాళ్లు ముందు నవ్వి, తర్వాత నీళ్లు తెస్తారు.

“నాకు వంకాయ కనవడతాంది,” అన్నాను.

“వీనికి ఆకలైతాంది, అన్నం పెట్టు వదినా,” అన్నాడు కాకా. షెడ్డంతా నవ్వు.

“జోక్ కాదు కాకా. జర బయట సూడుండ్రి.”

నూలుకట్ట, నమూనా పట్టుకుని వాకిట్లోకి నడిచాను. వాన తెరిపిచ్చింది. ఎండలో నమూనా దానిమ్మ గింజలా ఉంది. నూలు నిఖార్సైన వంకాయ. సినిమాలో అయితే అప్పుడు ఉరుము ఉరుముతుంది. మాకు పక్కింటి కుక్కర్ కూసింది.

“నాకు లోపల్నే అనుమానమచ్చింది,” అన్నాడు మామ.

“మరి సెప్పకపోతివి?” బాపు గొంతు లేచింది.

“పెద్దాయన చెప్పినంక నేనేం జెప్త బావా!”

అమ్మకూ కాకాకూ కూడా అదే అనుమానమట. చివరికి పెద్దబాపు గొణిగాడు: “నాకు లోపల సక్కగ కనవడలే. తప్పైతే మీల ఎవరన్న అంటరనుకున్న.”

బాపు అరుగు మీద కూర్చుని, “ఒక్క పోగు గూడ మగ్గమెక్కలే, ఎక్కలే,” అని రెండుసార్లు అనుకుని, అప్పుడు ఊపిరి వదిలాడు.

నూలు మళ్లీ రంగు తొట్టికి పోయి వచ్చింది. ఈసారి వాకిట్లోనే చూశాం. ముందు నన్నే అడిగారు; పెద్దబాపు మాట ఆఖరుకు. తన వంతు వచ్చేదాకా మాట ఆపుకోలేడు కాబట్టి, ఆయన నోట్లో వక్క వేసుకుని కూర్చున్నాడు. ఆఖరున వక్క ఉమ్మి, కళ్లద్దాలు కళ్ల మీదే ఉంచుకుని చాలాసేపు చూసి, “గదే,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నూలు మగ్గమెక్కింది. అమ్మ వంకాయ కూర వండింది. కావాలనే.