ఆంటీ ఫ్రిజ్‌లో అంగారకుడు

మా ప్రాజెక్టు సార్ పోయారు. మొన్న మధ్యాహ్నం భోంచేసి, పడకకుర్చీలో పేపరు చదువుతూ కునుకు తీసి, ఆ కునుకులోనే వెళ్ళిపోయారట. గంభీరంగా ఏడవడానికి సిద్ధపడే వెళ్ళాను గానీ, ఆ ముఖం చూశాక మనసు తేలికపడింది. ఆస్పత్రి వాసనే గిట్టని మనిషి. ఒక్క సూది కూడా పొడిపించుకోకుండా తప్పించుకున్నారు.

సార్‌కి మట్టి పిచ్చి. హైటెక్ సిటీ దారిలో ఎక్కడ పునాది తవ్వుతున్నా బస్సు దిగి, గుప్పెడు మట్టి రుమాల్లో మూటగట్టేవారు. తర్వాత క్లాసులో అదే రుమాలుతో మొహం తుడుచుకునేవారు. ఆయన నుదుటి రంగును బట్టి ఏ బిల్డింగు లేస్తోందో చెప్పేవాళ్ళం.

అంగారకుడి నేలలోకి గుచ్చుకుని మంచు వెతకడానికి రెండు చిన్న పరికరాలు బయల్దేరాయని పేపర్లో చదివి, సార్ అప్పట్లో కాలేజీ ఆఖరి ఏడాదిలో ఉన్న మా ముగ్గురిచేత అలాంటి నమూనా చేయించారు. అసలువి అప్పటికింకా దారిలోనే ఉన్నాయి. మాది మేముండే పుప్పాలగూడ దాటలేదు. చిటికెడు మట్టిని గొట్టంలో వేసి వేడిచేయాలి; ఆవిరి వస్తే బల్బు వెలగాలి. కిరాయికున్న ఇంటి ఆంటీ ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, తడిమట్టిని గడ్డకట్టించాం. అదే మా అంగారకుడు. పోల్చి చూపడానికి ఇంకొంత మట్టిని వాకిట్లో ఓ మూల ఎండబెట్టాం; దానికి బల్బు వెలగకూడదు.

వైవాకి ముందురోజు గడ్డకట్టిన మట్టికి బల్బు వెలిగింది. చప్పట్లు కొట్టాం. ఎండిన మట్టికీ వెలిగింది. ఎన్నిసార్లు వేసినా వెలిగింది. ప్రాజెక్టు తప్పితే ఏడాది గల్లంతే. ఎండుమట్టి వంతు వచ్చినప్పుడు గుట్టుగా తీగ ఊడదీద్దామని మాలో ఒకడు సూచించాడు. ఆ మాట వింటూనే సార్ లోపలికి వచ్చారు.

“బల్బు నోరు నొక్కకండయ్యా. ముందు మట్టి సంగతి కనుక్కోండి,” అన్నారు. కనుక్కునే ఓపిక మాకు లేదని తెలిసి, తనే వెళ్ళి మట్టిని ఎవరైనా కదిపారా అమ్మా అని ఆంటీని అడిగారు.

“నేనెందుకు ముడ్త సార్? పొద్దుగాల వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లుత గద, దానిమీద గూడ జర చల్లిన. దుమ్ము లేస్తది మరి.”

మా ఎడారికి రోజూ కళ్ళాపి పడుతోందన్నమాట. మేం పొద్దెక్కాక లేచే శాస్త్రవేత్తలం. అప్పటికి పైపొర ఎండి బుద్ధిగా కనిపించేది. బల్బు ఒక్కటే నిజం చెబుతోంది.

కానీ చెబుతోందని రుజువేది? సార్ ఆంటీని పాత పెనం అడిగి, ఆ మట్టిని పొయ్యిమీద వేయించారు. ఉప్మారవ్వ వేయించినంత శ్రద్ధగా, మాడకుండా తిప్పుతూ వేయించారు.

“ఇగ దీనిమీద రొట్టెలెట్ల చెయ్యాలె సార్?” అంది ఆంటీ, నవ్వాపుకుంటూ.

చల్లారిన మట్టిని చిటికెడు గొట్టంలో వేశాం. వేడి ఎక్కింది. సార్ కళ్ళజోడు తీసి, బల్బు మీదికి వంగారు. ఆయన వెనక మేం ముగ్గురం, మా వెనక అట్లకాడతో ఆంటీ. గాజులో సన్నటి తీగ నల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది. వెలగని ఆ బల్బును చూస్తూ, ఒక్కొక్కరం నవ్వడం మొదలుపెట్టాం.