అమ్మకి ముందే వినబడిన విమానం

దెయ్యాలూ శకునాలూ అని ఎవరైనా మొదలెడితే లేచి వంటింట్లోకి పోయే రకాన్ని నేను. ఇప్పటికీ అంతే. కానీ మా అమ్మ విషయంలో జరిగింది మాత్రం దగ్గరుండి చూశాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నా చిన్నప్పుడే విషజ్వరం వచ్చి అమ్మకి రెండు చెవులూ పోయాయి. వెనకనుంచి బండి వస్తున్నా తెలిసేది కాదు. మాట మాత్రం బాగానే ఉండేది. మేం చెప్పేది పెదాలు చూసి గ్రహించేది.

అరవైల చివర్లో సంగతి. గోనెసంచుల మిల్లు పెట్టడానికి స్థలం చూస్తానని ఓ పట్నం పెద్దమనిషి సొంత విమానంలో వస్తున్నాడన్నారు. ఊరి బయట బంజరు చదును చేశారు. జనం అడ్డం రాకుండా తాడు పట్టుకుని నిలబడమని కొందరు రైతులకి పురమాయించారు. వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు.

ఆ పొద్దున్న అమ్మ వాకిట్లో వేరుశనగకాయలు చెరుగుతోంది. ఉన్నట్టుండి చేట జారవిడిచి చెవులు మూసుకుంది.

"ఏటే ఆ మోత? నెత్తిమీదే ఉన్నాది," అంది.

పైన కాకి కూడా లేదు. కాసేపటికి చేతులు తీసేసింది.

"ఆగిపోనాది. ఒక్కపాలి ఆగిపోనాది."

అప్పటిదాకా ఆవిడ విమానం అన్నది చూసి ఎరగదు. వెళ్ళొద్దని నాన్న చెయ్యి పట్టుకుంది. పెద్దోళ్ళు చెప్పాక మానేస్తే బాగోదని ఆయన విడిపించుకుని వెళ్ళిపోయాడు. వెనకే నేనూ వెళ్ళాను.

విమానం మధ్యాహ్నం వచ్చింది. చెవులు హోరెత్తిపోయాయి. ఇంకా నేల తాకకముందే ఆ మోత ఒక్కసారిగా ఆగిపోయింది. చప్పుడు లేకుండా వచ్చి నేలకి కొట్టుకుంది. చక్రం విరిగి పక్కకి ఈడ్చుకుపోయింది. అందరూ తాడు వదిలేసి పరిగెత్తారు. నాన్నకి రెక్క తగిలింది.

పెద్దమనిషికి నుదురు గీసుకుపోయింది. ఆయన్ని జీపులో విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. జీపు వెనక సీటు ఖాళీగానే ఉంది. నాన్నని ఎద్దుబండిలో వేశారు. రైలు గేటు దాటకముందే పోయాడు.

శవం లేచేటప్పుడు అమ్మ తలవంచుకుని కూర్చుంది. ఆవిడ వెనకే, గుమ్మంలో, డప్పులు మోగిపోతున్నాయి. నా మొహంలోకి చూసి, "డప్పులోలు ఇంకా రానేదేటే?" అని అడిగింది.

ఆ పొద్దున్న అమ్మ అన్న మాట పక్కింటావిడ విన్నది. ముందే ఎలా తెలిసిందని ఊళ్ళోవాళ్ళు అన్నారు. చిల్లంగి పెట్టి విమానాన్ని కూల్చింది, అది మొగుడికే తగిలిందన్నారు. కూలికి పిలవడం మానేశారు. పెద్దమనిషి బతికి బయటపడ్డాడని అదే జనం గుళ్ళో కొబ్బరికాయలు కొట్టారు. మేం ఆమదాలవలసలో మావయ్య పంచన చేరాం.

తర్వాతెప్పుడో విజయనగరంలో డాక్టరుకి చూపించాను. ఆ చెవులకి పిడుగు పడ్డా వినబడదన్నాడాయన. నేనెప్పుడడిగినా అమ్మది ఒకటే మాట. "ఇన్నానే. మీ అయ్యకి సెప్పాను కూడా."

ఏం విన్నదో, ఎలా విన్నదో నాకిప్పటికీ తెలీదు. అమ్మ పోయినప్పుడు ఊరికి కబురు పంపాను. ఒక్కరూ రాలేదు.