అడుగున గింజలు నొక్కిన బండ

విస్సన్నపేటలో ప్రార్థన కూడిక ముగించి బైబిలు మూస్తుండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "మామ్మగారు పోయారండీ. పొద్దున మజ్జిగ తాగి పడుకున్నారట, మళ్ళీ లేవలేదు." ఊరూరా మైకుల్లో వాక్యం చెప్పి ఉరిమేవాణ్ణి, సంచీ సర్దుకుని బస్సెక్కాను. బస్సు మా నూజివీడు చేరేదాకా ఒక్క వాక్యం కూడా ఆసరాకు రాలేదు.

ఆవిడ మా పక్కింటి మామ్మగారు. బంధుత్వం లేదు, మతమూ ఒకటి కాదు. ఆవిడకు ఊరి బయట చిన్న రసాల మామిడి తోట ఉండేది. నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదండీ, పాస్టర్ని కాను అని ఎంత చెప్పినా "అరుస్తావుగా, చాల్లే" అని "పాస్టరూ" అనే పిలిచేవారు. నా మైకుకు గేదె బెదిరి పాలివ్వకపోతే గోడ మీదుగా కేక వేసేవారు: "ఏమయ్యా పాస్టరూ, మీ దేవుడికి చెవుడా ఏంటి?"

ఈ ఏడాది మామిడి కోతలకు ముందు నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళో పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఉయ్యాలలున్న వైపు కాదు. వెనక, సర్కారు తుమ్మ కమ్మేసిన వైపు. నడక బాట కోసం అదంతా చదును చేస్తారని విన్నారు. ఆలోపు ఒక బండను చూడాలని ఆవిడ పట్టుదల.

పంతొమ్మిదివందల ముప్పైల్లో లోకమంతా ధరలు కూలినప్పుడు ఇక్కడ ధాన్యం కొనే నాథుడు లేకపోయాడట. పొలం పనులు ఆగిపోయాయి. జనం ఆకలితో చావకుండా ఊరి పెద్దలు ఇప్పటి పార్కు స్థలంలో కట్టుబడి పని పెట్టించి, కూలి జొన్నల్లో ఇచ్చారు. మామ్మగారి అమ్మ అక్కడ సున్నం మోసింది. ఎడ్లకు నీళ్ళ తొట్టి కట్టారు, గుండ్రటి అరుగు కట్టారు. తల మీద మామిడి గంపతో వచ్చే మనిషి ఒకరి సాయం లేకుండా బరువు దించుకోవడానికి, రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డబండ వేశారు. ఆ బండ అడుగున సున్నం మెత్తిన రోజు ఆడకూలీలు తలా ఒక జొన్నగింజ ఆ పచ్చి సున్నంలో నొక్కారట, తిండి పెట్టిన పనికి తమ వంతుగా. పైన నొక్కితే గింజలు పాడుచేశారని మేస్త్రి తిడతాడు, అందుకని అడుగున.

చదువరులారా, పంటలో మొదటి పన, అంటే తొలి కంకుల కట్ట, దేవుడి ముందుకు తెమ్మన్న బైబిలు ధర్మశాస్త్రం ఆ తల్లులెవరూ వినలేదు. గాదెలు నిండినవాళ్ళు కారు. రాత్రికి సంగటి ఉంటుందో లేదో తెలియనివాళ్ళు! కానుక పెట్టెలో చిల్లర వేసి పక్కవాడు చూశాడా అని చూసుకునే మనం సిగ్గుపడాలి.

"మా అమ్మ గింజ అన్నిటికన్నా ఆఖర్న, అంచు దగ్గరుంటుందట. అక్కడ ఒక్కసారి వేలు పెట్టాలయ్యా. అమ్మది నాకు ఫొటో కూడా లేదు," అన్నారు మామ్మగారు.

చేతికర్రతో పొదను కొట్టి, పాములకు "జరగండమ్మా" అని చెప్పి, తర్వాత నేలను తట్టి, కింద రాయి మోగుతుందేమోనని చెవి పెట్టేవారు. తొట్టి దొరికింది, నిండా ప్లాస్టిక్ గ్లాసులు. అరుగు సగమే దొరికింది. చివరికి బండ. నిలువు రాళ్ళు విరిగి, అడుగు భాగం నేలను కరుచుకుని పడి ఉంది. ఆవిడ దాని మీదే కూర్చుని మజ్జిగ సీసా తీశారు.

"మీ యేసయ్య సమాధి రాయి ఎవరు దొర్లించారయ్యా?"

"దేవదూతండీ."

"అయితే ఒకణ్ణి పంపమని అడుగు. కోతల్లో కూలీలు దొరకట్లా."

మా సంఘం కుర్రాళ్ళను రేపే తీసుకొస్తానన్నాను. ఒప్పుకోలేదు. కోత రోజుల్లో ఒకరి తోటలోంచి మనిషిని లాగడం ఆవిడ లెక్కలో తప్పు. "చెట్టు మీద కాయ ఆగదు. రాయి ఆగుద్ది. కోతలవనీ."

రాయి ఆగింది. ఆవిడే ఆగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు కాంట్రాక్టరు మనుషులు పార్కులో దిగారు. పరుగెత్తాను. పితరులు పాతిన రాళ్ళు కదపవద్దన్న బైబిలు మాట ఎత్తి ఉరిమాను. "ఏంటండీ పాస్టర్ గారూ, రాయిక్కూడా ప్రార్థనేనా?" అన్నాడు కాంట్రాక్టరు. పోనీ పారేసే ముందు తిరగేయమని బతిమాలాను. గునపాలు వేశారు. బండ లేస్తూ లేస్తూ మధ్యకు విరిగింది.

తువ్వాలుతో మట్టి తుడిచాను. సున్నం ఉంది. గింజలు లేవు, చీమలు ఎప్పుడో మోసుకుపోయి ఉంటాయి. గింజలున్న చోట చిన్న చిన్న గుంటలు మిగిలాయి. అంచు దగ్గర ఆఖరిది. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. అక్కడ పెట్టాల్సిన వేలు నాది కాదు.

గింజ నేలలో పడి చస్తేనే ఫలిస్తుందని ఎన్ని సభల్లో అరిచానో! ఇవి సున్నంలో పడ్డాయి.

ఆ ముక్కను పార్కు గోడ పక్కన, అడుగు పైకి వచ్చేలా పెట్టించాను. నిన్న తొలకరి పడింది. వెళ్ళి చూశాను. ఒక్కో గుంటలో గింజంత నీరు నిలిచి ఉంది.