సీలు వేసిన బారులో పియానో

నా గొంతు మీద ఒట్టేసి చెబుతున్నాను. పద్యాలు పాడుకునేవాడికి అంతకన్నా పెద్ద ఒట్టు లేదు. తాగి ఉన్నారా అని మాత్రం అడగకండి... అందరూ ముందు అదే అడుగుతారు. ఆ రాత్రి మా ఒంట్లో చుక్క లేదు. మాకే కాదు, కలకత్తాలో ఎక్కడా ఎవరికీ పొయ్యలేదు. మర్నాడు ఎలక్షన్లు.

అరవైల నాటి మాట. నేనూ అప్పల్రాజూ విశాఖపట్నంలో ఒకే ఆఫీసులో గుమాస్తాలం. మా నాటక సమాజంలో నేను పద్యం ఎత్తుకుంటే వాడు హార్మోనియం. ఒకసారి పోటీల్లో, నిండు సభలో, నేను రాగం తీస్తుండగా వాడు పెట్టె ఆపేశాడు. నువ్వే శ్రుతి తప్పావని వాడు. నువ్వే తప్పావని నేను. అంతే. రెండేళ్లు మాటల్లేవు. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవాళ్లం. కాగితం కావాలన్నా ప్యూన్ చేత అడిగించేవాళ్లం.

చివరికి మా ఆడవాళ్లిద్దరూ కలిసి ఒక ఉపాయం పన్నారు. మా చేత సెలవు పెట్టించి, పది రోజులు తిరిగి రమ్మని కలకత్తా రైలెక్కించారు. ఎందుకు కలకత్తా? అప్పట్లో మా వైపు మద్యనిషేధం. అక్కడ లేదు. గొంతులో రెండు చుక్కలు పడితే గాని వీళ్లు మాట్లాడుకోరని వాళ్ల నమ్మకం. మా ఆవిడ ప్లాట్‌ఫారం మీద నా చెవిలో చెప్పింది కూడా. "తాగితే తాగేరు గానీ... మాటాడుకొని రండి."

రైల్లో ఒక రాత్రి, ఒక పగలు. వాడు అటు కిటికీ, నేను ఇటు కిటికీ.

భవానీపూర్‌లో ఒక సందు. అందులో పాత హోటలు. పైన గదులు, కింద బారు. మేం వెళ్లేసరికి సాయంత్రమైంది. చూద్దును కదా... బారు తలుపు ముందు ఆబ్కారీ ఇన్‌స్పెక్టరు. తాళం వేయించాడు. దానికి గుడ్డ చుట్టించాడు. ఎర్ర లక్క కరిగించి పోసి, దాని మీద ముద్ర గుద్దాడు. ఆ కాలిన లక్క వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

మా పెట్టెలు మోసుకొచ్చిన బేరర్ పేరు శామ్యూల్. మనవాడే. వాళ్ల నాన్న భీమిలి నుంచి రేవు పనికొచ్చి అక్కడే స్థిరపడ్డాడట. రేవు పక్కనే మెటియాబ్రుజ్‌లో కాపురం. తెలుగు చెవిన పడేసరికి అతని మొహం విప్పారింది.

"ఇప్పుడొచ్చేరేటి బాబూ! రేపు ఓట్లు. ఎల్లుండి పొద్దున్నదాకా సుక్క పొయ్యకూడదు."

"ఊళ్లో ఇంకెక్కడా దొరకదా?"

"ఊరంతా ఇంతే బాబూ. ఆ సీలు తెగిందంటే మా దత్తబాబు లైసెన్సు పోద్ది. మా అందరి కూడూ పోద్ది."

దత్తబాబు ఆ హోటలు యజమాని. సన్నటి ముసలాయన. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక జంట బీరు లేదని గింజుకుంటున్నారు. నాగపూర్ నుంచి వచ్చిన ఒక హెడ్మాస్టరు దంపతులు మందు ముట్టరు, కానీ బారులో రోజూ పియానో కచేరీ ఉంటుందని విని దిగారట. అదీ లేదు. పియానో ఆ గదిలోనే ఉంది. వాయించేవాడు ఓటు వేయడానికి వాళ్ల ఊరెళ్లాడు. దత్తబాబు అందరికీ చేతులు జోడిస్తున్నాడు.

మా గదిలో రెండు మంచాలు. దీపం ఆర్పాం. నెల రోజులుగా మైకులతో మోగిపోయిందట ఊరు... ఆ రాత్రి గప్‌చుప్. ట్రాం చప్పుడు లేదు. రిక్షా గంట లేదు. నా గుండె నాకే వినిపిస్తోంది. ఇంటికెళ్లి ఆవిడకి ఏం చెప్పాలిరా దేవుడా అనుకుంటున్నాను.

అప్పుడు... టింగ్.

ఒక్క స్వరం. కింద నుంచి.

మళ్లీ... టింగ్. తర్వాత రెండు. తర్వాత జలజలా ఒక పాట. పియానో!

చీకట్లో అవతలి మంచం కిర్రుమంది.

"ఒరే సూర్రావూ... ఇంటన్నావా?"

రెండేళ్ల తర్వాత అప్పల్రాజు నాతో అన్న మొదటి మాట అది.

"ఇంటన్నానురా."

ఇద్దరం మెట్లు దిగాం. కింద అప్పటికే దత్తబాబు ఒట్టి బనీనుతో నిలబడి ఉన్నాడు. చేతిలో టార్చి. ఆ వెలుగు గోడ మీద వణుకుతోంది. పక్కన శామ్యూల్ సిలువ గుర్తు వేసుకుంటున్నాడు. పైనుంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. ఇంగ్లీషు జంట, నాగపూర్ వాళ్లు.

"లోపల ఎవరూ లేరు," అన్నాడు దత్తబాబు హిందీలో. "సీలు వేసేముందు గది నాలుగు మూలలూ నేనే చూశాను. కిటికీలకు లోపలి గడియలు నేనే వేశాను. పియానోకీ తాళం వేశాను. తాళంచెవి ఇదిగో, నా మొలతాడుకే ఉంది."

టార్చి సీలు మీద వేశాడు. లక్క చెక్కుచెదరలేదు.

లోపల పాట సాగుతోంది.

"తెరిసి సూద్దాం," అన్నాడు అప్పల్రాజు.

"బాబా రే!" దత్తబాబు తలుపుకి అడ్డం పడ్డాడు. "తెరిస్తే నా పని అయిపోతుంది. తెరవకపోతే, రేపు ఎవరో ఒకరు రాత్రంతా బారు నడిపాడని చెబుతారు. అప్పుడూ అయిపోతుంది. నేనేం చెయ్యను దాదా?"

ఇంగ్లీషాయన ముందుకొచ్చి తలుపు మీద వేలితో కొట్టాడు. టక్... టక్.

పాట ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు.

మళ్లీ మొదలైంది. ఈసారి రెట్టింపు వేగం! గంతులేసే పాట. ఇంగ్లీషాయన భార్య ఉన్నట్టుండి కిసుక్కుమని నవ్వింది. మొగుడి చేతులు పట్టుకుని ఆ వరండాలోనే గిరగిరా తిప్పేసింది. నాగపూర్ ఆవిడ చేతులతో తాళం వేయడం మొదలెట్టింది. హెడ్మాస్టరు మెట్టు మీద కాలితో దరువు. చివరికి దత్తబాబు తల కూడా ఊగుతోంది, కళ్లలో నీళ్లు. భయం ఎటు పోయిందో! పోలేదు... అక్కడే ఉంది. కానీ దాని పక్కనే ఇంత సంతోషం ఎక్కడిదో నాకు తెలియదు.

కాసేపటికి పాట నెమ్మదించింది. ఏదో రాగం. మోహనలా ఉంది... పూర్తిగా కాదు. నాకు తెలియకుండానే గొంతు కలిపాను. చిన్నగా.

పియానో నా వెంట వచ్చింది.

నేను పైకెళితే పైకి. కిందికి దిగితే కిందికి. ఆపాను. అదీ ఆగింది. మళ్లీ అందుకునేదాకా... ఆగే ఉంది. నా కోసం.

ఒళ్లంతా గగుర్పొడిచింది. అయినా ఆపబుద్ధి కాలేదు. పద్యం ఎత్తుకున్నాను. అప్పల్రాజు పెట్టె ఆపేసిన పద్యమే. ఆ చోటికి వచ్చేసరికి నా గొంతు తడబడింది. ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు గానీ, పోటీల రోజూ అక్కడే తడబడింది. పియానో ఆగలేదు. కింద ఒక స్వరం పట్టి నన్ను ఎత్తి నిలబెట్టింది. పద్యం పూర్తయింది.

వరండా అంతా చప్పట్లు.

అప్పుడు లోపల... కుర్చీ జరిగింది.

నేల మీద కుర్చీ కాళ్లు గీసుకున్న చప్పుడు. స్పష్టంగా. తర్వాత అడుగులు. ఒకటి... రెండు... మూడు... తలుపు వైపే. తలుపుకి అవతల వచ్చి ఆగిపోయాయి.

మధ్యలో ఒక చెక్క. ఆ చెక్కకి ఇంత లక్క.

దత్తబాబు టార్చి జారి కిందపడి ఆరిపోయింది.

ఆ చీకట్లో అప్పల్రాజు గొంతు వినిపించింది. జన్మలో ఎవరినీ మెచ్చుకోని మనిషి! తలుపు దగ్గరకెళ్లి, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు అన్నాడు.

"శానా బాగా వాయించేరండీ. నానైతే... ఆపీసేను."

తర్వాత అడుగులు వెనక్కి వెళ్లాయి. ఒక్క స్వరం పలికింది. మెత్తగా. అంతే. ఇంక లేదు.

శామ్యూల్ టీ కాచాడు. తెల్లారేదాకా అందరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం.

"తప్పు నాదేరా," అన్నాను అప్పల్రాజుతో. "ఆ రోజు నా గొంతే జారింది."

"జారితే మాత్రం? పట్టుకోవలసినోణ్ని నాను గదా," అన్నాడు. ఇద్దరం ఒకటే నవ్వు. ఇంగ్లీషాయనకి ఏం అర్థమైందో, ఆయనా నవ్వాడు.

పోలింగు రోజంతా ఇద్దరం ట్రాం ఎక్కి, దిగి, గంగ ఒడ్డున తిరిగి, మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వచ్చి సీలు తీశాడు. దత్తబాబు గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లోపల సీసాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కిటికీ గడియలు వేసే ఉన్నాయి. పియానో మీద గుడ్డ కప్పే ఉంది, తాళం వేసే ఉంది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. దత్తబాబు అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. మా అందరికీ ఆయనే పోశాడు. తాగాం, తాగలేదని అనను. కానీ మాటలన్నీ అప్పటికే అయిపోయాయి!

అదేమిటి మరి? వెనకింటి రేడియో అన్నాడు హెడ్మాస్టరు. రేడియో నా కోసం ఆగుతుందా? దయ్యమన్నాడు శామ్యూల్. దయ్యానికి మోహన రాగం ఎందుకు? ఎవడో దాక్కున్నాడు అనుకుందామంటే, రెండు రాత్రులూ ఒక పగలూ తిండి లేకుండా ఉండి, ఎలా బయటికి పోయాడు? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెగలేదు.

భయం వేసిందా అంటే... వేసింది. ఇప్పుడు చెబుతుంటేనే చూడండి, చేతి మీద వెంట్రుకలు ఎలా లేచాయో. మళ్లీ ఆ తలుపు ముందు నిలబడతావా అంటే... టిక్కెట్టు తీయండి. ఈ రాత్రికే బయల్దేరతాను.